రాతి మీద కుప్పయ్య

మిట్టపల్లె, పుత్తూరు తాలూకా
20–8–1978

అక్కకు,

క్షేమమేనా అని అడగను. బెల్లం మండీలో బావ గొంతు వినపడుతున్నంత కాలం మీ ఇంట్లో అందరూ క్షేమమే. ఇక్కడా బాగున్నాం. నీ మరదలు నమస్కారం చెప్పమంది. ఇక అసలు సంగతి.

పుట్టిన ఊరి బడికే హెడ్మాస్టరుగా బదిలీ అయిందని సంబరపడ్డానా, మూడు నెలలు తిరక్కముందే నెత్తిన రాయి పడింది. నిజం రాయే. బంగ్లాదేశ్ యుద్ధం అయిపోయాక పంచాయతీ ఆఫీసు ముందర, బస్సు ఆగేచోట ఒకటి నిలబెట్టారే, పట్టాళంలో పోయినవాళ్ళ పేర్లతో, అదే. పైన సింహాలు చెక్కబోయి మన శిల్పి పిల్లులు చెక్కాడు. వాటి కింద ఈ చుట్టుపక్కల పల్లెలకంతా కలిపి నాలుగు పేర్లు ఉన్నాయి.

జెండా పండుగ రోజు హెడ్మాస్టరు ఒక్కొక్క పేరే చదవాలి, ఆ ఇంటివాళ్ళు వచ్చి రాతికి దండ వేయాలి. అది ఇక్కడి పద్ధతి. పెంచలయ్య అన్నాను, భార్య వచ్చి వేసింది. గోవిందయ్య అన్నాను, అన్న వచ్చాడు. మునెయ్య అన్నాను, ముసలి నాయన కర్ర పట్టుకుని వచ్చాడు. కుప్పయ్య అన్నాను. ఎవరూ కదల్లేదు. మళ్ళీ గట్టిగా చదివాను. పిల్లలు నవ్వారు. అప్పుడు బస్సుల దగ్గర పూలమ్మే నాగులమ్మ పెద్దమ్మ మెల్లగా లేచి, తట్టలోంచి ఒక కదంబం దండ తీసి వేసింది. ఏటా తనే వేస్తుందట. "దిక్కులేని బిడ్డ పాపం, నేను యేస్తే తప్పేముండాది" అని మళ్ళీ పోయి తట్ట ముందర కూర్చుంది.

నాకు మనసు చివుక్కుమంది. ఎవరీ కుప్పయ్య? మన ఊరివాళ్ళను అడిగితే పక్క పల్లెవాడంటారు. పక్క పల్లెకు పోతే మీ ఊరివాడే అంటారు. రాతి మీద మాత్రం కుప్పయ్య, మిట్టపల్లె, 1962 అని స్పష్టంగా ఉంది.

సభ అయ్యాక ప్రెసిడెంటు బాలసుబ్రమణ్యం నన్ను పక్కకు పిలిచాడు. ఆయన చిన్నాయన పట్టాళంలో వంటమనిషిగా చేసి, ఇంటికి తిరిగొచ్చి, కామెర్లతో పోయాడు. ఆయన పేరు కూడా రాయి ఎక్కాలట. రాతి మీదేమో జాగా లేదు. "అడిగేవాడు లేని పేరొకటి ఉండాది గదా అయ్యోరా, దాన్ని సెక్కేస్తే సరిపాయె" అన్నాడు. నేను కూడదన్నాను. అయితే వచ్చే జెండా పండుగలోపల కుప్పయ్య మనుషులను తెచ్చి నిలబెట్టమన్నాడు. తెస్తానన్నాను. నోరు జారడం మన ఇంటి విద్య కదా.

నాగులమ్మ పెద్దమ్మ కొడుకు ధనంజయ అన్న నీకు గుర్తుండే ఉంటాడు. బావిలో తోసి నాకు ఈత నేర్పింది ఆయనే. నేను హైస్కూల్లో ఉండగా పట్టాళానికి పోయి మళ్ళీ రాలేదు. చైనా యుద్ధం తరవాత ఉత్తరం ముక్క కూడా లేదు. ఉత్తరాదిలో ఎవరినో కట్టుకుని ఉంటాడని ఊరంతా అంటుంది. పెద్దమ్మ మాత్రం బడి వదిలాక వచ్చి వాడికి నాచేత ఉత్తరాలు రాయించుకుంటుంది. 'ధనంజయ, ఇండియన్ ఆర్మీ, ఢిల్లీ' అని రాసి డబ్బాలో వేస్తున్నాను. వాడి పాత ఉత్తరాలు చెదలు తినేశాయట, అంతకంటే అడ్రసు ఆమెకూ తెలీదు, నాకూ తెలీదు. రాయి నిలబెట్టిన రోజు పేర్లన్నీ చదివించుకుని విన్నదట. "రాతి మీద లేడు గదా నాయనా, అంటే ఉండాడు" అంటుంది. ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతోంది. అట్లాంటి మనిషే ఎవరి బిడ్డకో దండ వేస్తుంటే, బడిపంతులునై ఉండి నేను చేతులు ముడుచుకుని కూర్చోవడం ఏం బాగుంటుంది?

చిత్తూరులో పట్టాళం వాళ్ళ ఆఫీసు ఉందట. బావను ఒకసారి పోయి, ఈ కుప్పయ్య ఎవరి కొడుకో కనుక్కోమని చెప్పు.

నీ తమ్ముడు
మునిరామయ్య


చిత్తూరు
4–9–1978

తమ్ముడికి,

ఊళ్ళో పెళ్ళయితే కుక్కలకు హడావుడి అన్నట్టు, ఊరంతా మరిచిపోయిన రాయి నీకే దొరికిందా? వాన పడితే కారే బడి కప్పు గురించి ప్రెసిడెంటుతో కొట్లాడరా అంటే, పిల్లుల బొమ్మ కింద పేరు గురించి పంతం పట్టి కూర్చున్నావు. చిన్నప్పుడు కూడా ఇంతే. మనది కాని దూడ తప్పిపోతే పొద్దు వాలేదాకా వెతికి, ఇంటికొచ్చి అమ్మచేత తన్నులు తిన్నావు.

మీ బావ వెళతానన్నారు. బెల్లం ఇంకా దిగలేదు కాబట్టి మండీలో ఈగలు తోలుకుంటున్నారు, నీ పనైనా చేస్తారులే. పిల్లలకు నువ్వుండలు పంపిస్తున్నాను, బస్సు కండక్టరు దగ్గర తీసుకో. సగం అతనే తినకుండా చూసుకో.

పై ముక్క సోమవారం రాసి పక్కన పెట్టాను. ఈరోజు గురువారం. నీ జాబు మళ్ళీ చదివాను. ఒక్క మాట విను. ఈ కుప్పయ్య గురించి నాగులమ్మ పెద్దమ్మను ఏమీ అడగవద్దు. ఎందుకని నన్నూ అడగవద్దు. ముసలి మనిషి, ఆమె పూలు ఆమెను కట్టుకోనీ.

అక్క
చంద్రకాంతమ్మ


మిట్టపల్లె
3–12–1978

అక్కకు,

నువ్వుండలు అందాయి. కండక్టరు న్యాయంగానే తిన్నాడు.

నీ మరదలి మాటల్లో చెప్పాలంటే నాకు కుప్పయ్య పిచ్చి పట్టింది. ఆదివారాలన్నీ సైకిలు మీదే. పక్క పల్లె కుప్పయ్య ఒకడు పట్టాళంలో చేరాడనీ, మళ్ళీ కనపడలేదనీ ఎవరో చెబితే, వాడి చెల్లెలు ఇంటికి పోయాను. వాడు పుత్తూరులో ఉన్నాడంది. విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి పోయి వెతికితే, వరండాలో కాలికి బద్దలు కట్టించుకుని పడుకుని బీడీ తాగుతున్నాడు. పట్టాళంలో పోయినట్టు మా ఊరి రాతి మీద రాసి ఉందని భయం భయంగా చెప్పాను. "నాకు కాలే గదప్పా ఇరిగింది, సచ్చిపోయినానని ఎవురు సెప్పినారు?" అని ఆ నొప్పిలోనే నవ్వాడు. కట్టు కట్టే ఆయన కూడా నవ్వాడు. వాడు పట్టాళంలో చేరిందీ నిజమే, మూడో రోజే పారిపోయి వచ్చిందీ నిజమే. తడ దగ్గర ఇంకొక కుప్పయ్య ఉన్నాడంటే అక్కడికీ పోయాను. ఆయనకు మునిమనవళ్ళు ఉన్నారు.

మన ఊరి ముసలివాళ్ళ తీరు నాకు అర్థం కావడం లేదు. కుప్పయ్య అనగానే కొందరు తుండు దులుపుకుని లేచిపోతారు. కొందరు వానల గురించి మాట్లాడతారు.

నువ్వు వద్దన్న పని కూడా చేశాను, తిట్టుకో. నాగులమ్మ పెద్దమ్మను అడిగాను. ఆమె దారం పంటితో కొరికి, "ఊరికి నలుగురు కుప్పయ్యలు నాయనా, ఏ కుప్పయ్యని సెప్పేది" అంది. అంతే. మల్లె మొగ్గ ఒకటి జారి కింద పడితే తీసుకోకుండా అట్లే చూస్తూ కూర్చుంది. నాకెందుకో ఇంక అడగబుద్ధి కాలేదు.

బావ ఆఫీసుకు పోయారా లేదా? మూడు నెలలైంది. మండీలో ఈగలు ఇంకా ఉన్నాయా?

మునిరామయ్య


చిత్తూరు
28–1–1979

తమ్ముడికి,

మీ బావ రెండుసార్లు పోయారు. పాత కాగితాలు ఇక్కడ ఉండవట, మద్రాసుకు రాయాలట. అక్కడున్న గుమాస్తా మంచివాడే, కుర్చీ వేసి కాఫీ ఇప్పించాడు. తన దగ్గరున్న జాబితా చూసి, చైనా వాళ్ళతో యుద్ధంలో, మంచు కొండల్లో పోయాడని మాత్రం చెప్పాడు. శరీరం దొరకలేదట. ఆ మాట విని మీ బావ ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

ఇంతటితో వదిలెయ్. ప్రెసిడెంటు చెక్కేస్తే చెక్కేయనీ. రాయి మీద ఒక పేరు ఉంటే ఎంత, పోతే ఎంత? మంచులో పోయినవాడికి మిట్టపల్లె రాయి ఏం చేస్తుంది? పిల్లల చదువు చూసుకో.

వేరే విశేషాలు లేవు.

చంద్రకాంతమ్మ


మిట్టపల్లె
11–2–1979

అక్కా,

వేరే విశేషాలు లేవు అని నువ్వు జాబు ముగించడం నా జన్మలో ఇదే మొదటిసారి. ఎదురింటి వాళ్ళ పిల్లి ఈనినా నాలుగు పేరాలు రాసే మనిషివి. నువ్వేదో దాస్తున్నావు.

ఓబయ్య తాత మంచం పట్టాడని చూడబోయాను. వాళ్ళ మనవడు నా బడిలోనే చదువుతాడు. మాటల్లో మళ్ళీ కుప్పయ్య పేరు ఎత్తాను. ముసలాయన గోడ వైపు తిరిగి, "మీ యమ్మ ఉండింటే సెప్పుండు" అన్నాడు. మన అమ్మకు తెలిసిన సంగతి నీకు తెలియకుండా ఉండదు. నాకంటే నీకే అమ్మ ఎక్కువ సంగతులు చెప్పింది, పెద్దదానివి కదా.

పేరు పోతే ఎంత అని రాశావు. అది నీ మాట కాదు. అమ్మ పోయాక, ఆమె పేరు నా కూతురికి పెట్టేదాకా నన్ను నిద్రపోనివ్వలేదు నువ్వు. నాకు నిజం కావాలి. ఏం చెప్పినా తట్టుకుంటాను.

మునిరామయ్య


చిత్తూరు
2–3–1979

తమ్ముడూ,

తట్టుకుంటానన్నావు. చూద్దాం.

నాకు అప్పుడు ఏడో ఎనిమిదో ఏళ్ళు. నువ్వింకా పుట్టలేదు. నాగులమ్మ పెద్దమ్మకు వరసగా బిడ్డలు పుట్టి పోతున్నారు. ఒక్కరూ పాలు మరిచేదాకా నిలవలేదు. అందుకని ఈసారి మగబిడ్డ పుట్టగానే, కాన్పు చేసిన అవ్వ బిడ్డను చేటలో పెట్టి తీసుకొచ్చి, వాళ్ళ కొట్టం వెనక పెంటకుప్ప మీద పెట్టింది. అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుని పోయింది. కుప్ప దగ్గర నిలబడి, "ఎవురి బిడ్డో, కుప్ప మీద పారేసిపొయ్యినారు, నేనెత్తుకుంటాండా" అని గట్టిగా అంది. అక్కడ మేము తప్ప ఎవరూ లేరు. యముడికి వినపడాలని అట్లా అరిచిందట. నాకు నవ్వొచ్చింది కానీ అమ్మ ముఖం చూసి నవ్వలేదు.

బిడ్డను ఎత్తుకుని, అదే చేటలో తవుడు పోసి పెద్దమ్మ గడప ముందు పెట్టింది. తవుడిచ్చి బిడ్డను కొనుక్కున్నట్టు. తరవాత లోపలికి పోయి, "నా బిడ్డను కొంచెం పాలిచ్చి సాకమ్మా" అని పెద్దమ్మ ఒళ్ళో పడుకోబెట్టింది. కుప్పయ్య అని పేరు పెట్టారు. కుప్ప మీద దొరికినవాణ్ణి, తవుడు పాటి చెయ్యనివాణ్ణి, యముడు కూడా తొంగి చూడడని వాళ్ళ నమ్మకం. బిడ్డ నిలిచాడు. అయిదేళ్ళు నిండాక కొండ మీద గుండు గీయించి మంచి పేరు పెట్టారు. ఆ పేరు ధనంజయ.

ఇప్పుడర్థమయిందా.

ఆ రోజు నుంచి పాత పేరు ఎవరి నోటా రాకూడదు. పిలిస్తే యముడు గుర్తుపడతాడు. నేనొకసారి మరిచిపోయి కుప్పా అని పిలిస్తే అమ్మ నా నోటి మీద కొట్టింది. ఊరి ముసలివాళ్ళు తుండు దులుపుకుని లేచిపోయేది కూడా అందుకే. నీ మొదటి జాబు చదివిన రోజే నాకు అనుమానం తగిలింది. మీ బావకు కూడా చెప్పలేదు. గుమాస్తా మంచు కొండలని చెప్పాడని ఆయన వచ్చి చెబుతుంటే, నేను వంటింట్లోకి పోయి కూర్చున్నాను.

పట్టాళంలో ఆ పేరెందుకు చెప్పాడో నాకు తెలీదు. పెద్దమ్మకు అది తెలిసినట్టు లేదు. ధనంజయగానే చేరాడనుకుంటోంది. రాతి మీద లేడు కాబట్టి ఉన్నాడంటోంది. వాడు రాతి మీదే ఉన్నాడు తమ్ముడూ. ఏటేటా తన చేత్తో వాడికే దండ వేస్తోంది. ఈ మాట ఆమెకు నువ్వు చెప్పగలవా? నేను చెప్పలేను.

అక్క


మిట్టపల్లె
27–5–1979

అక్కా,

నీ జాబు వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయాలని కూర్చోవడం, లేచిపోవడం. ఇదే పని. తట్టుకోలేకపోయాను. నాకు ఈత నేర్పినవాడు ఆ మంచులో ఎట్లా పోయి ఉంటాడా అని ఒకటే ఆలోచన. చలి అంటే ఏమిటో తెలియని ఊరు మనది.

పుత్తూరుకు పోయి వచ్చినప్పుడల్లా, బస్సు దిగితే పెద్దమ్మ కనపడుతుందని ఒక స్టాపు ముందే దిగి నడిచి వస్తున్నాను. అయినా ఆమె వదలదు కదా. పోయిన వారం, సెలవులైనా నేను రిజిస్టర్లు రాసుకుంటుంటే, బడికే వచ్చింది. కాగితం తీసుకోమంది. నీ చొక్కాలు పెట్టెలో ఉండాయి, పురుగు పట్టకుండా వేపాకు యేసినా అని రాయమంది. గంగజాతరకు తిరుపతి పోయినా, నీ పేరున పొంగలి పెట్టినా అని రాయమంది. పెళ్ళి చేసుకుని ఉంటే ఆ పిల్లను కూడా తోడుకుని రా, నేనేమీ అనను, యా కులమైనా సరే అని రాయమంది. నేను రాస్తున్నాను. అక్షరాలు కనపడలేదు. "ఏమి నాయనా, కండ్లల్లో నలకపడిందా" అని కొంగుతో తుడవబోయింది. ఇంక ఎక్కడ దాక్కోవాలి నేను?

నిన్న ప్రెసిడెంటు శిల్పిని పిలిపించి రాయి కొలిపించాడు. నాలుగో పేరు లోతుగా చెక్కి ఉంది కాబట్టి ఒక వేలెడు మందం తీయాలన్నాడట. మనిషిని తెస్తానన్నావు కదా అయ్యోరా, యాడ మనిషి, అని నన్ను అందరి ముందర అడిగాడు. ఎదురుగానే పెద్దమ్మ పూలు కడుతోంది. ఇదిగో తల్లి అని చెయ్యి చూపిస్తే ఆ పేరు నిలుస్తుంది, ఆమె నిలవదు. చెప్పకపోతే వాడి పేరు రాళ్ళపొడి అయిపోతుంది. మంచులో ఒళ్ళు దొరకలేదు, ఇక్కడ పేరూ దొరకదు. బడిలో లెక్కలు చెబుతాను కానీ ఈ లెక్క నాకు రావడం లేదు. ఏదో ఒకటి చెప్పు.

మునిరామయ్య


చిత్తూరు
15–6–1979

తమ్ముడికి,

నీ జాబు పట్టుకుని చాలా రోజులు ఏడ్చాను. నిన్న వంట చేస్తుంటే చేటలో నూకలు చెరుగుతూ ఉన్నట్టుండి ఆగిపోయాను. ఇన్ని రోజులూ నాకు బుద్ధి ఏమైందో.

తవుడిచ్చి కొన్నా కొన్నది కొన్నదే కదా. కుప్ప మీద నుంచి ఎత్తుకున్నది అమ్మ. నా బిడ్డ అన్నది అమ్మ. నేను సాక్షిని. వాళ్ళ వాకిలి నుంచి ఆ తవుడు ఎవరూ తిరిగి తెచ్చి ఇవ్వలేదు. అంటే కుప్పయ్య మన అమ్మ కొడుకు. నాకు తమ్ముడు, నీకు అన్న. నువ్వు పోయి ఆ మాటే చెప్పు. మా అమ్మ వరదమ్మ సాక్కున్న బిడ్డ, కుప్పయ్య, మా అన్న అని చెప్పు. దీంట్లో అబద్ధమేముంది? ధనంజయ పేరు మాత్రం ఎత్తకు. బాలసుబ్రమణ్యం ఎదురు ప్రశ్నలేస్తే, మా అక్క వచ్చి జవాబు చెబుతుందను. నా నోరు ఆయనకు తెలుసు.

దండ నువ్వే వెయ్యి. వేసి ఇంటికి పోయి తలకు పోసుకో. ఇన్నేళ్ళయింది, వాడి కోసం ఒక్కరూ మైల స్నానం కూడా చేయలేదు. నేనిక్కడ చేస్తాను.

రమ్మని అడగవద్దు. నాగులమ్మ పెద్దమ్మ నా ముఖం చూస్తే చాలు, అంతా చదివేస్తుంది.

అక్క


మిట్టపల్లె
19–8–1979

అక్కకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. పంచాయతీలో అందరి ముందర, కుప్పయ్య మా అన్న అన్నాను. ప్రెసిడెంటు పకపకా నవ్వాడు. మీ అమ్మకు మీరిద్దరే కదా, ఈ అన్న ఏ రాయి కింద నుంచి లేచినాడని అడిగాడు. ఓబయ్య తాతను మంచంతో సహా మోసుకొచ్చి ఉన్నారు, ఆయనే తీసుకురమ్మన్నాడట. "వరదమ్మ కొన్న బిడ్డే, నేనెరుగుదును. ఇంక ఆ మాట ఇడిసిపెట్టండి" అన్నాడు. ముసలివాళ్ళంతా తలలూపారు. బాలసుబ్రమణ్యం ఇంక ఆ పేరు జోలికి రాడు. చిన్నాయన పేరు కోసం వేరే రాయి వేయించుకుంటాడట.

జెండా పండుగ రోజు నాలుగు పేర్లూ చదివాను. నాలుగోది చదివి నేనే దిగి పోయాను. పెద్దమ్మ తట్టలోంచి దండ తీసి నా చేతికిచ్చింది. కదంబం కాదు, అంతా మల్లెలే. నా ముఖంలోకి చూడలేదు. దండ వేశాను. ఇంటికి పోయి తలకు పోసుకున్నాను. పని అయిపోయిందనుకున్నాను అక్కా. పేరు నిలిచింది, ఆమెకూ తెలియలేదు అనుకున్నాను.

సాయంత్రం బడికి వచ్చింది. కాగితం తీసుకోమంటుందని తీశాను. కూర్చుని, "సంద్రకాంత సెప్పిందా నీకు?" అంది.

తల ఊపాను. మిగతాది పెద్దమ్మ చెప్పింది. వాడు పట్టాళానికి పోయేటప్పుడు రేణిగుంట స్టేషన్లో రైలెక్కిస్తూ ఆమే చెప్పిందట. అక్కడ యముడు పగలూ రాత్రీ తిరుగుతుంటాడు, నీ మంచి పేరు చెప్పవద్దు, పాత పేరే చెప్పు, తల్లి పేరు వరదమ్మ అని రాయించు అని. ఒకసారి కాపాడిన పేరు ఇంకోసారి కాపాడకపోతుందా అనుకుందట.

ఆ తరవాత ఆమె అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"తంతి వచ్చింది నాయనా. మీ యమ్మ పేరు మీద. మీ యమ్మ అప్పటికే పొయ్యింది. నువ్వు తిరపతిలో టీచరు సదువుకు పొయ్యుండావు, ఇంటికి తాళమేసుండాది. తంతి తెచ్చినోడు కొత్తోడు. బస్సు కాడ నన్నే అడిగినాడు, కుప్పయ్య వాళ్ళమ్మ యాడుంటాదని. తంతంటే సావే గదా. ఈ ఊళ్ళో కుప్పయ్యా లేడు, వానికి తల్లీ లేదు అని సెప్పి పంపించేసినా. సేత్తో తీసుకునుంటే ఆ సావు నాదైపోయుండు. నేను తీసుకోలేదు. అది ఎనక్కి పాయె. పొయ్యినోడు కుప్పయ్య. నా ధనంజయ పేరు మీద తంతి రాలేదు, రాతి మీదా లేదు."

అయితే ఇన్నేళ్ళూ ఆ రాతికి దండ ఎందుకు వేశావు పెద్దమ్మా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఆ పొద్దు వానికి తల్లి లేదంటి గదా నాయనా" అంది.

ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరి, పొద్దు పోతోంది, ఇంక రాయి అంది. ఏం చేసేది? రాశాను. ఇదివరకటి మాదిరి ఢిల్లీ అని అడ్రసు రాయడానికి చెయ్యి రాలేదు. చింపేయడానికీ రాలేదు. అందుకని నీకే పంపిస్తున్నాను. దీన్ని నువ్వేం చేస్తావో నాకు తెలీదు. వచ్చే నెల మళ్ళీ వస్తుంది. మళ్ళీ రాస్తాను.

మునిరామయ్య


మిట్టపల్లె
15–8–1979

నాయనా ధనంజయా,

మీ యమ్మ సెప్తాంటే మన మునిరామయ్య రాస్తాండాడు. నేను బాగుండా. కండ్లు సరిగా కానరావు గానీ పూలు కట్టేదానికి కండ్లెందుకు, సేతులకు తెలుసు. పెట్టెలో వేపాకు మార్సినా.

ఈ తూరి జెండా పండక్కి ఆ కుప్పయ్యకు మనుషులు దొరికినారు. అక్క ఉండాది, తమ్ముడుండాడు. తమ్ముడు దండేసి, ఇంటికి పొయ్యి తలకు పోసుకున్యాడు. నేను పోసుకోలేదు. నేనెందుకు పోసుకుంటా, నాకు నువ్వుండావు గదా. వాని గురించి నువ్వేమీ దిగులు పెట్టుకోబాక. వానికి సేయాల్సింది సేసినారు.

ఏళకు అన్నం తిను. సలికి సెవులకు గుడ్డ కట్టుకో. నీ మంచి పేరు యాడా ఎవురికీ సెప్పబాక. నువ్వు యాడుండావో నాగ్గూడా సెప్పబళ్ళేదు.

ఉండు. అంతే.

మీ యమ్మ
నాగులమ్మ